మోరియెన్ లోయలో తొలి చుట్టు: దూరం కన్నా ఎత్తునూ వేళనూ చూసి ప్రణాళిక వేసుకోవడం

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీరు చదునైన రోడ్ల మీద 60, 70 కిలోమీటర్లు అలవాటుగా తొక్కుతారు, సగటు వేగం గంటకు 25 కిలోమీటర్లు ఉంటుంది, కానీ పొడవైన కొండ ఎక్కిన అనుభవం లేదు. సెప్టెంబరు మొదటి వారంలో ఫ్రాన్స్‌లోని సాన్ జాన్ ద మోరియెన్ పట్టణంలో ఉంటారు. ఆల్ప్స్ లోయలో ఒక పూటలో ముగిసే మధ్యస్థమైన చుట్టుదారి కావాలి. మీ సైకిల్‌కు అతి తేలిక గేరు ముందు 34 పళ్లు, వెనుక 28. ఏ దారిలో, ఏ దిశలో, ఎన్ని గంటలకు బయలుదేరాలి, ఏమేమి వెంట ఉండాలి అన్నవి మీరడిగినవి. వీటిలో మొదట తేల్చుకోవలసినది, కొంతమందికి వింతగా తోచినా, బయలుదేరే వేళ. దారీ దిశా దానికి లోబడి కుదురుకుంటాయి.

అంతకన్నా ముందు "మధ్యస్థం" అంటే ఏమిటో ఒక ఒప్పందానికి రావాలి. చదునైన నేల మీద తొక్కేవారు దారి కష్టాన్ని కిలోమీటర్లలో కొలుస్తారు, కొండల్లో ఆ కొలత పనికిరాదు. ఇటలీలోని డోలమైట్స్ పర్వతాల్లో సెల్లా శిఖరాల చుట్టూ తిరిగే ప్రసిద్ధమైన దారి పొడవు 55 కిలోమీటర్లే కాబట్టి మీ వారాంతపు దూరం కన్నా అది తక్కువ. కానీ అందులో నాలుగు కనుమలు దాటాలి, మొత్తం ఎక్కుడు దాదాపు 1780 మీటర్లు. కాగితం మీద చిన్నదిగా కనిపించే ఆ దారిని తొలి రోజునే ఎత్తుకున్నవారికి మూడో కనుమ దగ్గర కాళ్లు మొరాయించడం మామూలే. మీ స్థాయికి తొలి చుట్టులో మొత్తం ఎక్కుడు 350 నుంచి 1200 మీటర్ల మధ్య ఉండాలి, అందులో పొడవైన ఎక్కుడు ఒకటే ఉండాలి, అదీ దారి మొదటి సగంలోనే అయిపోవాలి. ఈ మూడు షరతులకు ఒదిగే దారి మీరు బస చేసే ఊరి దగ్గరే ఉంది.

సాన్ జాన్ సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున, ఆర్క్ నది లోయలో ఉంది. ఈ లోయ చుట్టూ ఉన్న కనుమల పేర్లు వింటే ఏ సైక్లిస్టుకైనా మనసు లాగుతుంది. గాలిబియే 2642 మీటర్లు. ఇజెరాన్ 2764 మీటర్లు, ఆల్ప్స్‌లో తారు రోడ్డు ఉన్న కనుమలన్నింటిలోకీ ఎత్తైనది అదే. మాడెలెన్ సుమారు 2000 మీటర్లు. లా షాంబ్ర్ అనే ఊరి నుంచి మాడెలెన్ ఎక్కుడు 19.2 కిలోమీటర్ల పొడవున సగటున 7.9 శాతం వాలుతో సాగుతుంది, అంటే ఎక్కడా పెద్దగా తెరిపి లేకుండా 1500 మీటర్ల పైచిలుకు ఎక్కాలి. మొదటి రెండు రోజులూ ఆ పేర్ల జోలికి వెళ్లవద్దని గట్టిగా చెబుతాను.

నేను సూచించే దారి ఇది. సాన్ జాన్ నుంచి నది వాలున దాదాపు ఆరు కిలోమీటర్లు కిందికి, పోంటమఫ్రే అనే చిన్న ఊరి వరకు వెళ్లాలి. అక్కడ కుడివైపు తిరిగితే మోన్‌వెర్నియే మలుపులు మొదలవుతాయి. నిటారైన కొండముఖం మీద, ఒకదాని నెత్తిన ఒకటిగా 17-18 మలుపులు పేర్చినట్టు కట్టిన ఇరుకు రోడ్డు అది. ఎక్కుడు పొడవు 3.4 కిలోమీటర్లు, సగటు వాలు 8.2 శాతం. 2015లో తొలిసారిగా టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం ఈ దారిన వెళ్లినప్పుడు రోడ్డు మరీ ఇరుకని ప్రేక్షకులను దాని మీదికి రానివ్వలేదు. పైకి చేరేసరికి మీరు సుమారు 280 మీటర్లు ఎక్కి, 780 మీటర్ల ఎత్తున ఉన్న మోన్‌వెర్నియే గ్రామంలో ఉంటారు.

ఈ దారిని ఎంచడానికి అసలు కారణం ఆ గ్రామమే. అక్కడి నుంచి రెండు దారులు చీలుతాయి. ఒకటి ల షాటెల్, ఎర్మియోన్ గ్రామాల మీదుగా లోయలోకి దిగి మిమ్మల్ని సాన్ జాన్‌కు చేరుస్తుంది. అటు వెళితే మొత్తం దూరం సుమారు 20 కిలోమీటర్లు, ఎక్కుడు 350 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. రెండోది ఇంకా పైకి సాగి 1533 మీటర్ల ఎత్తున్న షోసీ కనుమను దాటుతుంది, అవతల మోంటెమోన్ వైపుగా లా షాంబ్ర్‌కు దిగి, లోయ రోడ్డు మీదుగా తిరిగి సాన్ జాన్‌కు వస్తుంది. దాని పొడవు 45 నుంచి 50 కిలోమీటర్లు, ఎక్కుడు 1150 మీటర్ల దాకా ఉంటుంది. చిన్న చుట్టా, పెద్ద చుట్టా అన్న నిర్ణయాన్ని గదిలో మ్యాపు ముందు కూర్చుని తీసుకోనక్కరలేదు. నిలువైన ఎక్కుడు ఎలా ఉంటుందో అరగంట పాటు మీ కాళ్లకూ ఊపిరికీ తెలిసిన తరవాత, గ్రామంలో నీళ్లు తాగుతూ తీసుకోవచ్చు. తొలిసారి ఆల్ప్స్‌కు వచ్చేవారికి నేను ఏ లోయలో దారి చెప్పినా, మొదటి ఎక్కుడు అయ్యాక వెనక్కి మళ్లే దారి ఉందో లేదో చూసుకున్నాకే చెబుతాను. ఒకసారి ఎక్కితే కనుమ దాటడం తప్ప గత్యంతరం లేని దారి ఎంత అందమైనదైనా తొలి దారి కాకూడదు.

ఇప్పుడు గేరు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రణాళికలో నాకు ఆందోళన కలిగించిన అంశం అదొక్కటే. మీ బరువు 75 కిలోలు, సైకిలూ నీళ్లూ కలిపి మరో 10 కిలోలు అనుకుందాం. చదును మీద 25 కిలోమీటర్ల వేగంతో తొక్కేవారు పొడవైన ఎక్కుడులో గంటకు 500 నుంచి 600 మీటర్ల ఎత్తు సాధించగలరు. గంటకు 600 మీటర్ల ఎత్తు అంటే 8 శాతం వాలు మీద వేగం గంటకు 7.5 కిలోమీటర్లు. మీ 34, 28 గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ సుమారు 2.55 మీటర్లు ముందుకు పోతుంది. కాబట్టి ఆ వేగంలో మీ కాళ్లు నిమిషానికి 49 చుట్లు మాత్రమే తిరుగుతాయి. అలసి గంటకు 500 మీటర్లకు పడిపోతే అది 41 అవుతుంది. 41 చుట్లంటే ప్రతి తొక్కుడూ మెట్టు మీద మెట్టు బలవంతంగా ఎక్కడమే. ఊపిరికి ముందే మోకాళ్లు దెబ్బతింటాయి. వెనుక పెద్ద పళ్లచక్రం 34 పళ్లదైతే అదే వేగంలో 60 చుట్లు, అలసినా 50 చుట్లు వస్తాయి. చదును మీద 85, 90 చుట్లకు అలవాటుపడినవారికి 60 కూడా నెమ్మదే, కానీ గంటసేపు నిలబెట్టుకోగలిగిన నెమ్మది అది.

అందువల్ల ప్రయాణానికి ముందే 11-34 క్యాసెట్ (వెనుక పళ్లచక్రాల కట్ట, చిన్నదానికి 11 పళ్లు, పెద్దదానికి 34) వేయించుకోండి. ఒక జాగ్రత్త: గేరు మార్చేటప్పుడు చైన్‌ను జరిపే వెనుక డెరైలర్‌కు కింది చట్రం (కేజ్) పొట్టిదైతే అది 34 పళ్లను తట్టుకోకపోవచ్చు, చైన్ పొడవు కూడా సరిపోకపోవచ్చు. మెకానిక్ చేత రెండూ చూపించి, మార్చిన తరవాత కనీసం రెండు వారాలు దాని మీదే తొక్కండి. సైకిల్ అద్దెకు తీసుకునే ఉద్దేశం ఉంటే బుక్ చేసుకునేటప్పుడే వెనుక పెద్ద పళ్లచక్రంలో ఎన్ని పళ్లున్నాయో అడగండి.

దిశ గురించి. ఎండ కాసే రోజుల్లో ఆల్ప్స్ లోయలకు ఒక గాలి దినచర్య ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ కొండవాలులు వేడెక్కి అక్కడి గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీని నింపడానికి మైదానం వైపు నుంచి లోయ పైకి గాలి లాగబడుతుంది. మధ్యాహ్నానికి అది బలపడి సాయంత్రం దాకా వీస్తుంది, రాత్రి పూట దిశ మారి పైనుంచి కిందికి మెల్లగా జారుతుంది. అంటే ఉదయం గాలి ప్రశాంతంగా ఉన్నప్పుడు లోయలో దిగువకు వెళ్లి, పొద్దెక్కిన తరవాత ఎగువకు తిరిగి వస్తే గాలి మీ వీపున ఉంటుంది. నేను చెప్పిన దారి సరిగ్గా అలాగే ఉంది: పోంటమఫ్రే మీ ఊరికి దిగువన ఉంది, లా షాంబ్ర్ ఇంకా దిగువన ఉంది. కనుమ దిగి, అలసిన కాళ్లతో లా షాంబ్ర్ నుంచి సాన్ జాన్‌కు వచ్చే చివరి 11 కిలోమీటర్లు స్వల్పంగా ఎగువకే అయినా గాలి తోడుగా ఉంటుంది. ఇదే చుట్టును తిరగేసి తొక్కితే షోసీ కనుమ అవతలి వాలును ఎక్కి, ఇరుకైన మోన్‌వెర్నియే మలుపుల్లో బ్రేకులు పట్టుకుని దిగాల్సి వస్తుంది. అది కొత్తవారికి తగదు. ఈ గాలి నియమానికి మినహాయింపులు లేకపోలేదు. స్విట్జర్లాండ్‌లోని ఎగువ ఎంగాడిన్‌లో మలోయా కనుమ నుంచి మధ్యాహ్నపు గాలి లోయలోకి కిందికే వీస్తుంది. మోరియెన్‌లో కూడా ఇటలీ వైపు నుంచి కొండలు దాటి వచ్చే లోంబార్డ్ అనే గాలి కొన్ని రోజుల్లో, ముఖ్యంగా లోయ ఎగువ భాగంలో, లెక్కలన్నీ తారుమారు చేస్తుంది. ముందురోజు సాయంత్రం వాతావరణ సూచనలో గాలి దిశ చూసుకుంటే చాలు.

వేళ విషయంలో నేను పట్టు సడలించను. ఉదయం ఎనిమిదికి బయలుదేరండి. వేడి రోజుల్లో ఆల్ప్స్‌లో ఉరుములు మధ్యాహ్నం తరవాతే ఎక్కువగా వస్తాయి. పన్నెండుకల్లా కనుమ దాటి కిందికి దిగి ఉంటే వాటి గురించి ఆలోచించే అవసరం రాదు. ఎనిమిదికి బయలుదేరితే మలుపుల మొదటికి ఎనిమిదిన్నరకు ముందే చేరతారు, తొమ్మిదికల్లా గ్రామంలో ఉంటారు, నీళ్లకూ నిర్ణయానికీ పావుగంట పోనిస్తే పదకొండుకు కాస్త అటూ ఇటూగా కనుమ మీదికి చేరతారు. అక్కడి నుంచి దిగడానికి అరగంట పైన, లోయలో మరో అరగంట. పన్నెండున్నరకు సాన్ జాన్‌లో ఉండవచ్చు. దీనికి వ్యతిరేకంగా, గ్రామం చేరేసరికే పది దాటిందంటే కారణం ఏదైనా సరే ఆ రోజు చిన్న చుట్టుతో సరిపెట్టుకోండి. అలాగే పదకొండుకు ముందే కొండల మీద మబ్బులు గోపురాల్లా నిలువుగా పెరుగుతూ కనిపిస్తే, కనుమకు ఇంకా ఎంత దూరం ఉన్నా వెనక్కి తిరగండి. షోసీ కనుమ దగ్గర పిడుగుల వేళ తల దాచుకోవడానికి చోటు వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోకూడదు.

ఎక్కేటప్పుడు పాటించవలసినది ఒక్కటే: మొదటి పది నిమిషాలూ మీకు మరీ తేలికగా అనిపించే వేగంలో తొక్కాలి. మలుపులు మొదలయ్యే చోట ఉత్సాహం వేగాన్ని పెంచుతుంది. పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడలేని స్థితి వచ్చిందంటే అప్పటికే ఎక్కువ తొక్కుతున్నట్టు. హెయిర్‌పిన్ మలుపుల లోపలి అంచున వాలు చాలా ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ఎదురుగా వాహనం లేదని స్పష్టంగా కనిపిస్తే మీ వరుస పరిధిలోనే బయటి అంచున తిరగండి. ఆ నాలుగైదు మీటర్లు దాదాపు చదునుగా ఉండి కాళ్లకు ఊపిరి ఇస్తాయి. మోన్‌వెర్నియే దాటాక కొంత దూరం తెరిపి ఉంటుంది, అది చూసి మిగతాదంతా అలాగే ఉంటుందని అనుకోకండి. గ్రామం నుంచి కనుమకు ఇంకా 750 మీటర్ల ఎత్తు మిగిలే ఉంటుంది. గంటకు 60 గ్రాముల చొప్పున పిండిపదార్థం లోపలికి వెళ్లేలా తినండి. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

ఒక చిన్న హెచ్చరిక. రూట్ ప్లానర్ యాప్‌లు ఈ మలుపుల మీద మిమ్మల్ని అనవసరంగా భయపెడతాయి. అవి రోడ్డు ఎత్తును నేల నమూనా నుంచి తీసుకుంటాయి. మలుపులు ఒకదాని మీద ఒకటి ఇంత దగ్గరగా ఉన్నప్పుడు అడ్డంగా పది మీటర్ల పొరపాటు జరిగినా ఎత్తు కింది వరుస నుంచి పై వరుసకు గెంతుతుంది, తెర మీద 20 శాతం వాలు కనిపిస్తుంది. సొరంగాల దగ్గరా ఇదే జబ్బు: సొరంగం మీదున్న కొండనంతా మీరు ఎక్కినట్టు లెక్క కడతాయి. సగటు వాలును కూడా గుడ్డిగా నమ్మవద్దు. పక్క లోయలోని అల్మోన్ నుంచి గ్లాండోన్ కనుమకు సగటు 5 శాతం చుట్టూ చూపిస్తారు. మధ్యలో దిగుళ్లు ఉండడం వల్లే ఆ అంకె అంత చిన్నదైంది, అసలు ఎక్కుడులో పది శాతం దాటే ముక్కలున్నాయి. కిలోమీటరుకు ఎంత ఎత్తు అన్నది విడివిడిగా చూడాలి.

దిగడం ఎక్కడం కన్నా ఎక్కువ శ్రద్ధ కోరుతుంది. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. సాన్ జాన్‌లో 18 డిగ్రీలుంటే కనుమ మీద 12 డిగ్రీలు, అక్కడి నుంచి చెమటతో తడిసిన ఒంటితో గంటకు 40 కిలోమీటర్ల గాలిలో దిగాలి. వేళ్లు మొద్దుబారితే బ్రేకు మీద పట్టు పోతుంది. అందుకే ఎండ ఎంత బాగున్నా పలుచని గాలిచొక్కా, నిండు వేళ్ల చేతి తొడుగులు జేబులో ఉండి తీరాలి. కనుమ మీద ఆగి, దిగడానికి ముందే అవి వేసుకోవాలి. చేతులు హ్యాండిల్ కింది వంపులో ఉంచి, మలుపుకు ముందే రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులో వదిలేయాలి. బ్రేకును సన్నగా నొక్కిపెట్టి కొండంతా దిగడం మంచిది కాదు, రిమ్ములు గానీ డిస్కులు గానీ చల్లబడే సమయం దొరకదు. రిమ్ బ్రేకులున్న కార్బన్ చక్రాలతో ఈ దారికి రావద్దు. కాలిన వాసన వస్తే రెండు నిమిషాలు ఆగండి. సెప్టెంబరులో నీడ పడే వాలుల మీద తడి ఆలస్యంగా ఆరుతుంది, చెట్ల కింద ఆకులూ కంకరా ఉంటాయి. పశువులు దాటకుండా రోడ్డుకు అడ్డంగా పాతిన ఇనుప కడ్డీల మీద బ్రేకు వేయకుండా, తిన్నగా, లంబకోణంలో దాటాలి.

మీరు ఎడమవైపు నడిచే దేశం నుంచి వెళ్తున్నారు కాబట్టి ఇంకొక మాట. ఖాళీ రోడ్డు మీద, ముఖ్యంగా ఆగి మళ్లీ బయలుదేరినప్పుడు, పాత అలవాటు తిరిగి వస్తుంది. గ్రామంలో నీళ్లు తాగి బయలుదేరిన ప్రతిసారీ కుడి, కుడి అని నోటితో అనుకోవడంలో తప్పు లేదు.

లోయ రోడ్డు డి1006 ఒకప్పటి ప్రధాన రహదారి. ఇప్పుడు దూరప్రయాణపు వాహనాలు ఎ43 మోటార్‌వే మీదుగా వెళ్తాయి, దాని మీదికి సైకిళ్లకు ప్రవేశం లేదు. అయినా పరిశ్రమలకూ లియోన్-టురిన్ రైలు సొరంగపు పనులకూ తిరిగే లారీలు డి1006 మీద ఉంటాయి, కాబట్టి సమాంతరంగా ఊళ్ల మధ్య చిన్న రోడ్డు దొరికిన చోట దాన్నే వాడండి. ఊళ్ల బయట సైకిల్‌ను దాటే వాహనం ఒకటిన్నర మీటరు ఎడం ఇవ్వాలని ఫ్రెంచి నియమం. పగలే అయినా వెనుక ఎర్ర లైటు వెలిగించుకోండి.

రోడ్లు తెరిచి ఉన్నాయో లేదో ముందురోజు సవ్వా జిల్లా రోడ్ల సమాచారంలో చూసుకోవడం మరువకండి. కొండచరియల దేశంలో దీన్ని లాంఛనంగా తీసుకోకూడదు. పక్కనున్న రోమాన్ష్ లోయలో షాంబోన్ సొరంగం కొండ కదలడం వల్ల 2015 ఏప్రిల్‌లో మూతపడింది, ఆ ఏడు టూర్ ద ఫ్రాన్స్ కూడా గాలిబియేను వదిలి దారి మార్చుకోవలసి వచ్చింది. మోరియెన్‌లోనే 2023 ఆగస్టులో లా ప్రాజ్ దగ్గర చరియ విరిగిపడి ఇటలీ వైపు రైలు మార్గం చాలా కాలం ఆగిపోయింది. చుట్టుదారిలో ఒక్క రోడ్డు మూసుకుంటే చుట్టంతా పోయినట్టే కదా.

నీళ్లు రెండు సీసాలు చాలు. గ్రామాల్లో రాతి తొట్ల దగ్గర కొళాయిలుంటాయి, "ఓ నాన్ పొటాబ్ల్" అని రాసి ఉంటే ఆ నీళ్లు తాగకూడదు. చిన్న ఊళ్లలో దుకాణాలు మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా మూసి ఉండడం మామూలు కాబట్టి తిండి వెంటే ఉండాలి. ట్యూబులు రెండు, పంపు, టైరు లీవర్లు, చైన్ లింకు, బీమా కాగితం ఫొటో, కొంత నగదు. అత్యవసరానికి 112. సైకిల్ మొరాయించినా, మీరు అలసినా, లా షాంబ్ర్ పక్కనే సాన్ అవ్ర్ స్టేషన్ నుంచి సాన్ జాన్‌కు ప్రాంతీయ రైలు ఉంది. దాని వేళలు బయలుదేరే ముందే ఫోనులో దాచుకోండి.

ఈ చుట్టు హాయిగా ముగిస్తే, మధ్యలో ఒక రోజు విశ్రాంతి ఇచ్చి, సాన్ మిషెల్ అనే ఊరి నుంచి టెలిగ్రాఫ్ కనుమ ప్రయత్నించవచ్చు. అది 11.8 కిలోమీటర్లు, 7.1 శాతం సగటు, 1566 మీటర్ల ఎత్తు. వాలు దాదాపు ఒకే తీరుగా సాగుతుంది కాబట్టి కొత్తవారికి అనువైనది. పైకి చేరాక అవతలి వైపు వలువార్ అనే ఊరి మీదుగా గాలిబియే బోర్డు కనిపిస్తుంది. అటు దిగితే మళ్లీ 1200 మీటర్లకు పైగా ఎక్కాలి, గాలి పలుచబడే 2600 మీటర్ల ఎత్తులో చివరి కిలోమీటర్లు తొక్కాలి. ఈ ప్రయాణానికి టెలిగ్రాఫ్ దగ్గరే వెనక్కి తిరగండి.